ఇంత చిన్న ‘సెట్’కి అన్ని అర్థాలా!

పొద్దున లేచినప్పటి నుంచి ‘సెట్’ అనే మాట మీరు ఎన్నిసార్లు అంటారో ఎప్పుడైనా లెక్క పెట్టారా? టిఫినుకి సెట్ దోశ. చుట్టాలొస్తే అలమరలోంచి దించేది టీ సెట్. హాల్లో సోఫా సెట్. సరిగ్గా సీరియల్ టైముకి మొరాయించేది సెట్ టాప్ బాక్స్. పక్కింటి అమ్మాయికి సంబంధం ‘సెట్’ అయ్యిందట! అంతెందుకు, మీ ఇంట్లో రోజుకి నాలుగుసార్లయినా వినపడే ఇంగ్లీషు మాటల్లో ఇదొకటి.

మరి అలాంటి మీ దగ్గరికే బాబు పుస్తకం పట్టుకొచ్చి "అమ్మా, ‘ద సన్ సెట్’ అని ఉంది. సూర్యుడు సెట్ అవడమేంటి?" అని అడగ్గానే ఏమంటారు? "నాకు ఇంగ్లీషు రాదు నాన్నా, మీ డాడీ వచ్చాక అడుగు." అంతేనా? పిల్లలు రెండుసార్లు అడుగుతారు. మూడోసారి అడగరు. అమ్మకి తెలియదని వాళ్లలో వాళ్లే తేల్చేసుకుంటారు. ఆ తర్వాత స్కూలు డైరీ చూపించడం, మార్కుల కాగితం చూపించడం అన్నీ ఒకటొకటిగా అమ్మని దాటి వెళ్లిపోతాయి. డిగ్రీ దాకా చదివిన వాళ్ల ఇళ్లలోనూ ఇదే తంతు. తెలుగు మీడియం అన్న బెరుకు అంత తొందరగా పోదు.

అందుకే ఈ వారం ఈ ఒక్క మాటని పట్టుకుని కూర్చుందాం. ఇంగ్లీషు తెచ్చిపెట్టిన వాళ్లే ఈ మాట దగ్గర చెమటలు కక్కారని తెలిస్తే మీ బెరుకు సగం పోతుంది. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద ఇంగ్లీషు నిఘంటువు ఉంది కదా, 1989లో వచ్చిన దాని రెండో ముద్రణ 20 సంపుటాలు. అందులో అన్నిటికన్నా పొడుగైన వివరణ దేనికనుకున్నారు? ఈ సెట్‌కే. క్రియగా దానికి ఏకంగా 430 అర్థాలిచ్చారు. ఆ వివరణ దాదాపు 60,000 మాటలు... అంటే ఓ నవలంత! తర్వాత అదే నిఘంటువుని తిరగరాస్తుంటే ‘రన్’ అనే మాట ముందుకొచ్చి 645 అర్థాలతో దీన్ని వెనక్కి నెట్టేసింది. ఆ ఒక్క మాట పని ముగించడానికి పీటర్ గిల్లివర్ అనే సంపాదకుడికి తొమ్మిది నెలలు పట్టింది. నిఘంటువులు రాసే వాళ్ల సంగతే అలా ఉంటే, వంట చేస్తూ ఠక్కున చెప్పలేకపోయామని మనం చిన్నబుచ్చుకోవడం దేనికి?

కూర్చోవడం, కూర్చోబెట్టడం

అయితే 430 అర్థాలూ బట్టీ పట్టాలా అంటే, అక్కర్లేదు. చెట్టుకి కొమ్మలెన్నున్నా మొదలొకటే. ‘సిట్’ అంటే కూర్చోవడం. ‘సెట్’ అంటే కూర్చోబెట్టడం. పాత ఇంగ్లీషులో సిట్ నుంచి పుట్టిందే సెట్. తిను - తినిపించు, నడుచు - నడిపించు అని మనం అంటాం చూడండి, అలాంటి జంటే ఇది. ఒక వస్తువుని దాని చోట కుదురుగా కూర్చోబెట్టామంటే సెట్ చేశామన్నమాట.

అంటే తెలుగులో ఏమిటి? ‘పెట్టు’!

ఒక్కసారి ఈ ‘పెట్టు’ అనే మాటని తలుచుకోండి. పొద్దున లేచి పొయ్యి మీద పాలు పెడతారు. దేవుడి దగ్గర దీపం పెడతారు. పాపకి బొట్టు పెట్టి, జడకి పువ్వు పెట్టి, బాక్సులో అన్నం పెట్టి బడికి పంపుతారు. ఎండాకాలం ఆవకాయ పెడతారు, వడియాలు పెడతారు. రాత్రి పాలు తోడు పెట్టి, తలుపుకి గడియ పెట్టి పడుకుంటారు. కోడి గుడ్లు పెడుతుంది. ఆడపడుచు పేచీ పెడుతుంది. పుట్టిన బిడ్డకి పేరు పెడతాం, ముద్దు పెడతాం, అల్లరి చేస్తే వాత పెడతామని బెదిరిస్తాం కూడా. ఇన్నిటిలో ఒక పెట్టుకీ ఇంకో పెట్టుకీ పోలికుందా? ఎవరైనా మనల్ని కూర్చోబెట్టి ఇవన్నీ వల్లె వేయించారా? లేదే! చంటిపిల్లల నాటి నుంచి చెవిన పడి పడి వచ్చేశాయి. తెలుగు నేర్చుకుంటున్న వాళ్లని అడగండి, ‘పెట్టు’ పేరు చెబితే తల పట్టుకుంటారు. అదంతా కంఠతా ఉన్న మీరు ‘సెట్’ అంటే భయపడతారా!

ఇంకా తమాషా ఏమిటంటే, చాలాచోట్ల వాళ్ల సెట్, మన పెట్టు పక్కపక్కనే నడుస్తాయి. ముహూర్తం పెట్టుకున్నాం అంటే డేట్ సెట్ చేశాం. గడువు పెట్టడం, షరతు పెట్టడం రెండూ సెట్టే. అలారం పెట్టడం సెట్. ఎలుకకి బోను పెట్టడం సెట్. గడ్డివాముకి నిప్పు పెట్టినా సెట్టే, కొత్త కోడలు గడపలో అడుగు పెట్టినా సెట్టే. చదువు మీద మనసు పెట్టడానికీ అదే మాట. నెల జీతంలోంచి ఓ వెయ్యి తీసి పక్కన పెట్టడాన్ని ‘సెట్ అసైడ్’ అంటారు. మాటకి మాట మనదే కదూ!

కుదరనివీ ఉన్నాయనుకోండి. అన్నం పెట్టడానికి సెట్ అనకూడదు, అది ‘సర్వ్’. గుడ్లు పెట్టడం ‘లే’. పేరు పెట్టడం, ముద్దు పెట్టడం వేరే మాటలు. ‘టేబుల్ సెట్ చెయ్యి’ అంటే బల్లని జరిపి సర్దమని కాదు, బల్ల మీద కంచాలు, గ్లాసులు, చెంచాలు అమర్చమని. ఇక్కడ మనవాళ్లు చేసే పొరపాటొకటి చెప్పాలి. పెట్టమనడానికి మనం ‘కీప్’ వాడేస్తాం, "కీప్ ద ప్లేట్ ఆన్ ద టేబుల్" అని. ఇంగ్లీషు వాళ్లకి కీప్ అంటే ఉంచేసుకోవడం, అట్టేపెట్టుకోవడం. కంచం ఇలా పెట్టి వెళ్లమంటే ‘పుట్’ అనాలి, లేదా ‘సెట్’ అనాలి.

ఇక బాబు అడిగిన సూర్యుడి సంగతి. పగలంతా తిరిగిన సూర్యుడు పడమటికి దిగి తన చోటికి చేరాడు. అదే సన్ సెట్ అవడం. సందె దీపం పెట్టే వేళని వాళ్లు ‘సన్‌సెట్’ అన్నారు. బాబుకి అంత మాత్రం చెబితే చాలు.

వంటింట్లో సెట్

ఇంగ్లీషు వంటల పుస్తకాల్లో, ఇప్పుడొస్తున్న వంట వీడియోల్లో ‘లెట్ ఇట్ సెట్’ అన్నది పదే పదే వినిపిస్తుంది. అంటే "కదపకండి, గట్టిపడనివ్వండి" అని. ఇక్కడ మాత్రం గెలుపు మన తెలుగుదే! పెరుగైతే తోడుకుంటుంది. నెయ్యి పేరుకుంటుంది. పాకం ముదిరి బిగుసుకుంటుంది. జున్ను గడ్డ కడుతుంది. ఇన్ని మాటలకీ వాళ్ల దగ్గరున్నది ఒక్క సెట్.

పెరుగు సెట్ అవడం వెనక సంగతి మీకు తెలిసిందే. గోరువెచ్చటి పాలలో వేసిన తోడులోని సూక్ష్మజీవులు పాలలోని చక్కెరని పులుపుగా మారుస్తాయి. ఆ పులుపు తగలగానే పాలలోని మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకుని వలలా అల్లుకుంటాయి, నీళ్లు ఆ వలలో చిక్కుకుంటాయి. మధ్యలో గిన్నె కదిపితే ఆ వల తెగుతుంది, నీరు విడిపోతుంది. "తోడేసిన గిన్నె ముట్టుకోకండే" అని పెద్దవాళ్లు కసిరేది అందుకే.

జెల్లీ, పుడ్డింగ్ చేసే వాళ్లకి ఓ మాట. చైనాగ్రాస్, జిలాటిన్ రెండూ సెట్ చేసేవే, కానీ గుణాలు వేరు. సముద్రపు నాచు నుంచి తీసే చైనాగ్రాస్ బాగా మరిగితే గానీ కరగదు. చల్లారేటప్పుడు ఫ్రిజ్ లేకపోయినా, ఇంచుమించు 35-40 డిగ్రీలకే గట్టిపడుతుంది. ఒకసారి గట్టిపడ్డాక మన ఎండలకి కూడా కరిగిపోదు. జిలాటిన్ పశువుల ఎముకలు, చర్మం నుంచి వచ్చేది, శాకాహారులు డబ్బా మీద చూసి కొనుక్కోండి. దానికి ఫ్రిజ్ చల్లదనం కావాలి, నోట్లో పెట్టుకోగానే కరుగుతుంది. అన్నట్టు జిలాటిన్ జెల్లీలో పచ్చి అనాసపండు ముక్కలు వేశారా... తెల్లారేదాకా ఫ్రిజ్‌లో పెట్టినా సెట్ కాదు! అనాసలో ఉండే ఒక ఎంజైము ఆ మాంసకృత్తుని విరిచేస్తుంది. ముక్కలు ఉడికించి వేస్తే ఆ బాధ లేదు.

ఇల్లు కట్టించే వాళ్లు మేస్త్రీ నోట వినే ఉంటారు, సిమెంటుకీ ఇదే మాట. మన దేశ ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంటు కలిపాక 30 నిమిషాలలోపు బిగుసుకోవడం మొదలు పెట్టకూడదు, 600 నిమిషాలు దాటేలోపు బిగుసుకోవాలి. అందుకే కలిపిన మాలుని గమేళాలో ఉంచేసి టీకి వెళ్లకూడదు. విరిగిన ఎముకని సరిచేసి కట్టడమూ సెట్ చేయడమే. చిత్తూరు వైపు పేరున్న పుత్తూరు కట్టు లాంటివి కట్టే వాళ్లని ఇంగ్లీషులో ‘బోన్ సెట్టర్’ అంటారు.

మరి టీ సెట్ మాటేమిటి?

ఇది మాత్రం వేరే కథ. టీ సెట్, సోఫా సెట్, గాజుల సెట్... ఇక్కడ సెట్ అంటే ఒక జట్టు, ఒక వరస. ఈ సెట్ పుట్టింది ‘సిట్’ నుంచి కాదు. లాటిన్‌లో ‘సెక్టా’ అనే మాట ఉంది, ఒకరి వెంట నడిచే వాళ్ల గుంపు అని. అది ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చేసరికి, అప్పటికే అక్కడున్న సెట్‌తో కలిసిపోయింది. ఇద్దరు వేర్వేరు ఇళ్లలో పుట్టిన పిల్లలు ఒకే పేరుతో ఒకే బడిలో చేరినట్టు! బెంగుళూరు వైపు నుంచి వచ్చిన సెట్ దోశ ఈ రెండో కుటుంబానికి చెందిందే. మెత్తటి దోశలు రెండో మూడో కలిపి ఒక ప్లేటుగా ఇస్తారు కనక ఆ పేరు.

సెట్‌గా కొనేటప్పుడు ఓ కన్నేసి ఉంచండి. డిన్నర్ సెట్‌లో ఇన్ని ‘పీసులు’ అని పెట్టె మీద గొప్పగా రాసి ఉంటుంది. లెక్కపెడితే గిన్నె ఒక పీసు, దాని మూత ఇంకో పీసు! కంచాలెన్ని, కటోరీలెన్ని అని అడిగి కొనండి. ఒక కప్పు పగిలితే విడిగా దొరుకుతుందా అని కూడా అడగండి. దొరకదంటే, ఆ మిగిలిన అయిదు కప్పులతో ఆరుగురు చుట్టాలకి టీ ఇవ్వలేక పడే అవస్థ మీకు నేను చెప్పక్కర్లేదు.

లెక్కల్లో సెట్ కూడా ఇలాంటి గుంపే. తెలుగు మీడియం వాళ్లు ‘సమితి’ అని చదువుకున్నారు. జర్మనీలో జార్జ్ కాంటర్ అనే గణిత శాస్త్రవేత్త 1870లలో దీని చుట్టూ పెద్ద శాస్త్రమే కట్టాడు. ఈ సమితిలో ఒకేలాంటివి ఎన్నున్నా ఒక్కటిగానే లెక్క. ఆ లెక్కన చూస్తే అచ్చం ఒకేలా ఉన్న ఆరు కప్పుల టీ సెట్... వద్దులెండి, ఈ మాట షాపులో అనకండి.

మేనల్లుడు రాసే ఎంసెట్‌కీ దీనికీ చుట్టరికం లేదు. అది కామన్ ఎంట్రన్స్ టెస్ట్ అన్న మూడు మాటల మొదటి అక్షరాలు. తెలుగులో పలికితే ఒకేలా వినిపిస్తుందంతే. దాని పేరు కూడా ఆంధ్రప్రదేశ్‌లో 2021 నుంచి, తెలంగాణలో 2024 నుంచి ఈఏపీసెట్ అయింది. మనం మాత్రం ఎంసెట్ అనే అంటున్నాం.

నగల కొట్లో రెండు సెట్లూ ఒకేసారి ఎదురవుతాయి. హారం, కమ్మలు కలిపి ‘సెట్’, జట్టు అన్న అర్థంలో. ఆ హారంలో రాళ్లు ‘సెట్’ చేశారు, కూర్చోబెట్టారన్న అర్థంలో. దీన్నే మనం రాళ్లు పొదగడం అంటాం. ఇక్కడో ముచ్చట! కోడి గుడ్లని పొదగడం, నగలో రాయిని పొదగడం... మనకి ఒకే మాట. ఇంగ్లీషులో కూడా కోడిని గుడ్ల మీద కూర్చోబెట్టడాన్ని, నగలో రాయి పొదగడాన్ని ‘సెట్’ అనే అంటారు. ఎక్కడి తెలుగు, ఎక్కడి ఇంగ్లీషు!

ముచ్చట్లో పడి అసలు సంగతి మరవకండి. రాళ్ల సెట్ కొనేటప్పుడు బిల్లులో బంగారం బరువు, రాళ్ల బరువు, రాళ్ల ధర విడివిడిగా రాయించుకోండి. రాళ్లని కూడా బంగారం రేటుకి తూచితే నష్టపోయేది మీరే. హాల్‌మార్కు నగ మీద అంకెలు, అక్షరాలు కలిపి ఆరు గుర్తుల నంబరు ఉంటుంది. 2023 ఏప్రిల్ 1 నుంచి అది లేకుండా హాల్‌మార్కు నగ అమ్మకూడదు. కుందన్, పోల్కీ, జడావు నగలకి మాత్రం మినహాయింపు ఉంది, కాబట్టి అక్కడ రెండింతలు జాగ్రత్త.

రేడియో సెట్, టీవీ సెట్ అనడం అనేక భాగాలు కలిపి కూర్చిన యంత్రం కాబట్టి. పాత టీవీలు లావుపాటి డబ్బాలు, వాటి నెత్తిన పెట్టేది సెట్ టాప్ బాక్స్. ఇప్పుడు గోడకి అతుక్కున్న టీవీ నెత్తిన ఏది నిలుస్తుంది? అయినా పేరు పోలేదు. సినిమా సెట్‌ని మనవాళ్లు ‘వేస్తారు’, 2003లో విడుదలైన ‘ఒక్కడు’ కోసం చార్మినార్‌నే వేశారు. టెన్నిస్‌లో సెట్ అంటే ఆటలో ఒక భాగం. 2015లో వింబుల్డన్ డబుల్స్ ఫైనల్లో మన సానియా మీర్జా, మార్టినా హింగిస్ జోడీ మొదటి సెట్ 5-7తో పోగొట్టుకుని, తర్వాతి రెండూ 7-6, 7-5తో గెలిచింది.

తోక మారితే అర్థం మారు

పిల్లల్ని ఎక్కువగా తికమక పెట్టేది సెట్ వెనక వచ్చే చిన్న మాటలు. ‘సెట్ అప్’ అంటే నెలకొల్పడం, దుకాణం పెట్టడం. ‘సెట్ ఆఫ్’ అంటే ప్రయాణమై బయల్దేరడం, టపాకాయ పేల్చడం కూడా. వానలు పట్టుకున్నాయి అనాలంటే ‘సెట్ ఇన్’. పనికి ఎదురుదెబ్బ తగిలితే ‘సెట్‌బ్యాక్’. ఇల్లు కట్టేటప్పుడు ప్రహరీకీ గోడకీ మధ్య వదలాల్సిన ఖాళీ జాగా కూడా సెట్‌బ్యాకే, అది వదలకపోతే మునిసిపాలిటీ నోటీసు ఖాయం.

‘అప్’ వెనకుంటే ఒక అర్థం, ముందుకొస్తే ఇంకోటి. ‘అప్‌సెట్’ అంటే మనసు పాడవడం, కడుపు పాడవడం. కానీ పేపర్లో వేలం ప్రకటనలో ‘అప్‌సెట్ ధర’ అని చూసి ఎవరో బాధపడ్డారనుకోకండి. పాట ఎక్కడి నుంచి మొదలవ్వాలో ఆ కనీస ధర అది. 2021లో కోకాపేట భూముల వేలానికి అప్‌సెట్ ధర ఎకరానికి 25 కోట్లు! అప్‌సెట్ అయ్యేది చదివిన మనమే.

హోంవర్కు చేయించేటప్పుడు ఒక్కటి గుర్తుంచుకోండి. నిన్న చేసినా, ఇవాళ చేసినా, చేసేసినా సెట్ - సెట్ - సెట్టే. కట్, పుట్, హిట్ కూడా ఈ బాపతే. చివర ‘ఎస్’ చేరి ‘హి సెట్స్’ అని ఉంటే రోజూ చేస్తాడని, ‘ఎస్’ లేకుండా ‘హి సెట్’ అని ఉంటే చేశాడని అర్థం. పరీక్షల్లో మార్కులు పోయేది ఈ చిన్న ‘ఎస్’ దగ్గరే.

మనం సొంతంగా పుట్టించుకున్న సెట్ కూడా ఒకటుంది. "ఆ చీర నీకు బాగా సెట్ అయింది", "ఈ ఊరు నాకు సెట్ కాలేదు", "వాళ్లిద్దరికీ సెట్ కాదు". ఇంగ్లీషు వాళ్లు ఇలా అనరు. చీర విషయంలో, ఊరి విషయంలో ‘సూట్’ అంటారు. మన మధ్య మాట్లాడుకోవడానికి ఎలా అన్నా ఫరవాలేదు, తెలుగులో కలిసిపోయిన మాట అది. కానీ అమ్మాయి పురిటికనో, మనవడిని చూడ్డానికనో అమెరికా వెళ్లే అమ్మలు ఇంకో సెట్‌ని తెలుసుకుని విమానం ఎక్కండి.

అక్కడ షాపుల్లో, ఆస్పత్రి కౌంటర్ల దగ్గర "యు ఆర్ ఆల్ సెట్" అంటారు. మీ పని అయిపోయింది, ఇక వెళ్లొచ్చు అని. ఇది తెలియక ఇంకేదో కాగితం ఇస్తారేమోనని నిలబడిపోతే, వెనక క్యూలో ఉన్న వాళ్లు మన మొహం చూస్తారు. నవ్వి "థాంక్యూ" అని కదిలిపోవడమే. హోటల్లో వడ్డించే అమ్మాయి వచ్చి "ఆర్ యు ఆల్ సెట్?" అని అడిగితే ఇంకేమైనా కావాలా, లేక చాలా అని. ఇక్కడ అలవాటుగా తలూపి "ఎస్ ఎస్" అన్నారో, తినీ తినకుండానే ప్లేటు తీసుకుపోతారు. ఇంకా తినాలనుంటే "నాట్ యెట్" అనండి. నిదానంగా కూర్చోనిస్తారు.